కూజాలో పండుగప్ప

మొన్న ఆదివారం మా అమ్మాయి వడ్లమూడి నుంచి వచ్చి, నా ఫోను తీసి చూసి, "అమ్మా, ఆ పుస్తకాల కంపెనీ వాళ్ళు జవాబిచ్చారు" అంది. నేను వంటింట్లో గోంగూర వలుస్తున్నాను. ఆరేళ్ళుగా రాస్తున్న నవల అది. కుక్కరు దించాక భోజనాల బల్ల మీద ఒక చివర చోటు చేసుకుని, వీలు చిక్కిన రోజున రెండు పేజీల చొప్పున రాసింది. సముద్రం అడుగున ఒక రాజ్యం, దాని మీద కన్నేసిన ఒక మాంత్రికుడు, వాడి పని పట్టే ఒక ఆడపిల్ల. నలభై అధ్యాయాలు అనుకున్నాను. మొదటి పదహారు పంపాను.

అమ్మాయి పైకి చదివింది. భాష బాగుందట. ఈ వయసులో ఇంత ఓపిక మెచ్చుకోదగ్గదట. అయితే మంత్రాలూ మాయలూ కుర్రవాళ్ళు రాస్తేనే చదువుతారట. వాటిని పక్కన పెట్టి, నా చిన్నతనం గురించి రాసిస్తే వెంటనే వేస్తారట. ఆనాటి వంటలు, వాసనలు, పెద్దవాళ్ళ మాటలు ఉంటే మంచిదట.

"పోనీలే అమ్మా, అదైనా రాయి. ఇప్పుడు అందరూ అవే చదువుతున్నారు" అంది అమ్మాయి.

నాకు ఒళ్ళు మండింది. పోస్టాఫీసు కిటికీ వెనక ముప్పై ఏళ్ళు కూర్చుని ఊరందరి ఉత్తరాల మీదా ముద్రలు కొట్టినదాన్ని. నేను ఏం రాయాలో నాకు ఒకరు చెప్పడం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి చెప్పినాయన మా నాన్న. అందుకని సరే, వాళ్ళు అడిగిన చిన్నతనమే రాస్తున్నాను. వాసన కావాలన్నారు కాబట్టి ఎండు రొయ్యల వాసనతో మొదలు పెడతాను.

మా నాన్న రేపల్లెలో బడిపంతులు. ఆదివారం చర్చిలో పిల్లలకి వాక్యం చెప్పేది కూడా ఆయనే. తెల్ల చొక్కా, తెల్ల పంచె, జేబులో రెండు కలాలు. ఆయన చొక్కాకి ఎప్పుడూ సుద్దముక్కల వాసనే ఉండాలి. ఎందుకంటే ఆయన పుట్టి పెరిగింది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున, ఎండు చేపల మధ్య. మా నాయనమ్మ ఎండు చేపలు అమ్మి ఆయన్ని చదివించింది. ఆమె రేపల్లె వచ్చినప్పుడల్లా తెచ్చే రొయ్యల సంచిని నాన్న పెరట్లో, గాలి ఎదురింటి వైపు పోని చోట వేలాడదీయించేవాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు. బడిలో ఎవరైనా ముక్కు చిట్లిస్తే ఆయన తట్టుకోలేడు.

మా ఇంట్లో కథల పుస్తకం ఉండేది కాదు. కథంటే అబద్ధం అని నాన్న తీర్పు. ఆ లోటు తీర్చింది మా హెడ్మాస్టరు గారి ఇల్లు. ఆయన భార్యని ఊరంతా హెడ్మాస్టరమ్మ అనేవాళ్ళు. ఆమె వారపత్రిక తెప్పించేది. అప్పట్లో చదివే ఇళ్ళన్నిట్లో ఒక అలవాటు ఉండేది. పత్రికలో సీరియల్ వచ్చినన్నాళ్ళూ, ప్రతివారం పిన్నులు విప్పి ఆ కథ ఉన్న రెండు కాగితాలూ తీసి దాచేవాళ్ళు. సీరియల్ అయిపోయాక ఆ కట్టంతా తెనాలి పంపి బైండు చేయించేవాళ్ళు. ఆ బైండు పుస్తకం ఇంటింటికీ తిరిగేది. హెడ్మాస్టరమ్మ రెండేళ్ళ పాటు దాచిన జానపద సీరియల్ ఒకటి, ఆ ఏడు వేసవి సెలవుల ముందు అయిపోయింది. నాన్న స్కూలు పని మీద తెనాలి వెళ్తుంటాడు కాబట్టి, బడి తెరిచేలోగా బైండు చేయించి పెట్టమని ఆ కట్ట ఆయన చేతికిచ్చింది. నాన్న దాన్ని తువ్వాల్లో చుట్టి ట్రంకుపెట్టె మీద పెట్టాడు. విప్పి చూసే రకం కాదు.

నాకు పన్నెండేళ్ళు. సెలవులకి బాపట్ల వెళ్తూ ఆ కట్టని నా లంగాల మధ్య పెట్టుకుని పోయాను. తువ్వాల్లో పాత నోటుపుస్తకాలు చుట్టి పెట్టాను. నాన్న నన్ను బస్సెక్కిస్తూ, "నాయనమ్మని సతాయించకు" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను.

నాయనమ్మ ఇంటి ముందు తాటాకు పందిరి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ చాపలు పరిచి, ఐదారుగురు ఆడవాళ్ళు ఎండు రొయ్యలు కుమ్మరించుకుని కూర్చునేవాళ్ళు. తలలు, పొట్టు ఒకవైపు, రొయ్యలు ఒకవైపు. నలిగినవి వేరే. ఆ వాసన కొత్తవాళ్ళకి కళ్ళు తిప్పిస్తుంది. నాకు ఆకలేసేది. పొయ్యిలో నిప్పుల మీద నాలుగు రొయ్యలు వేసి చిటపటమనగానే తీసి, చద్దన్నంలో పచ్చిమిరపకాయతో తినేదాన్ని. నాయనమ్మకి చదువు రాదు. చుట్ట కాల్చేది. గొంతు పెద్దది. "ఆ కాయితాలేంటే, చదువు" అంది మొదటి రోజే. నేను గడప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

రోజుకి ఆరు వారాల కథ నడిచేది. రాకుమారుడు కొండలు దాటాడు, అందరూ మెచ్చుకున్నారు. రాక్షసిని చంపాడు, దానికీ మెచ్చుకున్నారు. ముప్పై ఎనిమిదో వారంలో వచ్చింది చిక్కు. అంతకు ముందు వారం చివర్లో మాంత్రికుడు రాకుమారిని చేపగా మార్చి గాజు కూజాలో వేశాడు.

నాయనమ్మ చేతిలో రొయ్య కింద పెట్టింది. "ఏం చేప?" అంది.

"చేప అనే ఉంది నాయనమ్మా."

"చేపంటే ఏం చేప? మంచినీళ్ళదా, ఉప్పునీళ్ళదా? కూజాలో ఏ నీళ్ళు పోశాడు?"

నేను కాగితం మళ్ళీ చూశాను. ఏ నీళ్ళో రాయలేదు. పైగా ముప్పై ఎనిమిదో వారమంతా రాకుమారి కూజాలో కన్నీళ్ళు కార్చడం, జరిగిన కథంతా గుర్తు చేసుకోవడం తప్ప ఏమీ జరగలేదు.

పక్కింటి పెద్దమ్మ అందుకుంది. "చేప ఏడ్చేదేంటే? ఉప్పునీళ్ళ చేపైతే ఆ కూజాలో పొద్దుటికి తేలిపోద్ది. ఈయన ఎప్పుడన్నా చేపని చూశాడా?"

"వారం రోజులు ఊరికే కూర్చుందా ఆ పిల్ల?" అంది నాయనమ్మ. ఆమె దృష్టిలో అంతకంటే తప్పు లేదు.

మర్నాడు మధ్యాహ్నం కట్ట విప్పితే ముప్పై ఎనిమిదో వారం కాగితాలు లేవు. ఇల్లంతా వెతికాం. చివరికి తేలింది ఏమిటంటే, పొద్దున ఎవరో బేరానికొస్తే, పొట్లం కట్టడానికి కాగితం కోసం పెద్దమ్మ గడప మీద చేయి వేసింది. చేతికి అవే వచ్చాయి. రాకుమారి, కూజా, కన్నీళ్ళు అన్నీ రొయ్యపొట్టు చుట్టుకుని బాపట్ల బస్టాండు వైపు వెళ్ళిపోయాయి.

నేను ఏడుపు మొదలుపెట్టాను. కట్ట హెడ్మాస్టరమ్మది. ఇచ్చింది నాన్నకి. దొంగతనంగా తెచ్చింది నేను.

నాయనమ్మ కాసేపు చుట్ట పీల్చి, "పోతే పోయింది. అది బాగోలేదుగా. నువ్వు రాయి. ఈసారి సరిగ్గా రాయి" అంది.

ఆ మాట నన్ను ఈ రోజు దాకా మోసుకొచ్చింది. పోయినదాన్ని గుర్తు చేసుకుని రాయమని ఆమె అనలేదు. చదివినదంతా నాకు గుర్తే ఉంది, అలాగే రాసేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ నాకూ ఆ పిల్ల ఊరికే కూర్చోవడం నచ్చలేదు. ఒకటే ఇబ్బంది. ముప్పై తొమ్మిదో వారం మొదట్లో చేప కూజాలోనే ఉండాలి, ఎందుకంటే రాకుమారుడు అక్కడికే వస్తాడు. అంటే నేను ఏం చేసినా ఆ వారం చివరికి ఆమెని మళ్ళీ కూజాలో వేయాలి.

మూడు రోజులు రాశాను. రాసింది సాయంత్రం చదవడం, పందిరి కింద కోర్టు కూర్చోవడం. "పండుగప్పని చెయ్యి" అని నాయనమ్మ తేల్చేసింది. "అదైతే సముద్రంలోనూ ఉంటది, కాలవల్లోకీ ఎక్కిద్ది. రెండు నీళ్ళలోనూ బతికిద్ది." కూజా పెట్టిన కిటికీ కింద నుంచి కాలువ పారుతుందని నేను రాశాను. "అయితే ఆటులో పోవాలి, పోటులో రావాలి. ఆరు గంటలు పట్టిద్ది" అంది పెద్దమ్మ. ఆరు గంటల పాటు మాంత్రికుడిని నిద్రపుచ్చాలంటే ఎలా? మధ్యాహ్నం పెరుగన్నంలో గసగసాలు నూరి కలిపింది వాడి వంటమనిషి, ఆమెకీ వాడంటే పడదు. ఆ వంటమనిషిని కథలోకి తెచ్చింది మా చాప మీద చివర కూర్చునే ఆమె. పదిళ్ళలో పాచిపని చేసొచ్చిన మనిషి.

అలా మా రాకుమారి పండుగప్ప కూజాలోంచి ఎగిరి కాలువలో పడింది, సముద్రానికి పోయింది, అక్కడ ముసలి తాబేలును అడిగి మాంత్రికుడి గుట్టు తెలుసుకుంది. ఆ గుట్టు నాయనమ్మ చెప్పింది. "వాడికి ఈత రాదు. అందుకే సముద్రాన్ని చూసి భయపడి, చేపని కూజాలో పెట్టుకుని మురిసిపోతన్నాడు."

జూన్‌లో రేపల్లె నుంచి తెనాలి రైల్లో నాన్నతో నేనూ వెళ్ళాను, కట్ట మొయ్యడానికి సాయమని బతిమాలుకుని. తువ్వాల్లోకి కట్ట తిరిగి చేరిపోయింది, నా రాతతో సహా. బైండింగు కొట్టు స్టేషను నుంచి నాలుగు సందుల అవతల ఉండేది. కొట్టు ఆయన నల్ల కళ్ళద్దాల తాతగారు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన జిగురు వాసన, కొత్త అట్టల వాసన. నాన్న నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి బడికి పటాలు కొనడానికి వెళ్ళాడు. తాతగారి పద్ధతి ఏమిటంటే, కుట్టే ముందు తెచ్చినవాళ్ళ చేత ప్రతి వారం మొదటి వాక్యం, చివరి వాక్యం చదివించేవాడు. వరస తప్పితే తర్వాత తిట్లు తినేది ఆయనే కదా. ముప్పై ఎనిమిదికి వచ్చేసరికి కాగితానికి చెయ్యి అడ్డం పెట్టి చదివాను.

"ఇదేంటమ్మా, చేత్తో రాసుంది?"

"ఆ వారం పోయిందండి. నేను రాశానండి."

ఆయన కాగితాలు తీసుకుని నిలబడే మొత్తం చదివాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. చదివాక, "అంచు వదల్లేదే. కోత మిషన్లో పెడితే చివరి అక్షరాలు ఎగిరిపోతాయి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పత్రిక కొలతకి కోసిన తెల్ల కాగితాలు నాలుగు ఇచ్చి, పెన్సిలుతో నాలుగు వైపులా గీతలు గీసి, "గీత దాటకుండా మళ్ళీ రాయి. మీ నాన్న వచ్చేలోపు అయిపోవాలి" అన్నాడు. ఆ జిగురు వాసనలో, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని తిరగరాశాను. తిరగరాస్తుంటే కొన్ని మాటలు వాటంతటవే పోయాయి, కొన్ని కొత్తవి వచ్చాయి. తిరగరాయడం అంటే ఏమిటో నాకు నేర్పిన బడి ఆ కొట్టే.

ఎర్ర క్యాలికో గుడ్డ వీపుతో బైండు వచ్చింది. హెడ్మాస్టరమ్మ మురిసిపోయి అద్దాల బీరువాలో పెట్టింది. రెండు నెలలు నాకు ఢోకా లేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, అందరూ మెట్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. హెడ్మాస్టరమ్మ నవ్వుతూ నాన్న దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, బైండులో ఒక వారం ఎవరో చేత్తో రాసి పెట్టారండి. రాకుమారిని పండుగప్పని చేశారు. చదువుతుంటే ఎండు చేపల వాసన వచ్చిందంటే నమ్మండి. మీ అమ్మగారి వ్యాపారం కథల్లోకి కూడా వచ్చేసిందే" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె సరదాకే అని ఉండొచ్చు. కానీ నాన్న మొహంలో రక్తం లేదు. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. తెల్ల చొక్కా విప్పి వంకెకి తగిలించి, నన్ను పిలిచి జరిగింది చెప్పించాడు. నేను ఏదీ దాచలేదు.

"రేపు వెళ్ళి క్షమాపణ అడుగు. వచ్చి, నేను ఇకపై అబద్ధం రాయను అని వందసార్లు రాయి" అన్నాడు.

"కాగితాలు పోగొట్టినందుకు క్షమాపణ అడుగుతాను నాన్నా. చెప్పకుండా తీసుకెళ్ళినందుకు కూడా. రాసినందుకు అడగను."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. మా ఇంట్లో ఆయనకి ఎవరూ ఎదురు చెప్పరు.

మర్నాడు వెళ్ళి రెండింటికీ క్షమాపణ అడిగి వచ్చాను. వంద వాక్యాలు మాత్రం రాయలేదు. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చాక నాన్న నా ముందు తెల్ల కాగితం పెట్టేవాడు. దీపాల వేళకి అది అలాగే తెల్లగా ఉండేది. అది రాసేదాకా ఆటలు లేవన్నాడు, సరే అన్నాను. నవలలు చదివే ఇళ్ళకి పోకూడదన్నాడు, దానికీ సరే అన్నాను. కొట్టలేదు. కొట్టినా బాగుండు అనిపించేది. తొమ్మిది రోజులు గడిచాయి. అవతల పిల్లలు కబడ్డీ ఆడుతుంటే ఆ అరుపులు వింటూ కూర్చునేదాన్ని. ఒక్క వాక్యం రాసి ఉన్నా తర్వాత జీవితంలో ఇంకేదీ రాసేదాన్ని కాదని ఇప్పటికీ అనుకుంటాను.

నాన్న కూడా ఊరుకునే మనిషి కాదు. తెనాలిలో తెలిసిన టీచరు ఇంట్లో అదే సీరియల్ బైండు ఉంటే అడిగి తెచ్చి, నిజమైన ముప్పై ఎనిమిదో వారాన్ని రెండు సాయంత్రాలు కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో నకలు రాశాడు. ఆయన జీవితంలో చదివిన మొదటి కథ అదే. రెండో రోజు అన్నం తింటూ, ఎవరితోనూ కానట్టు, "దీంట్లో ఏమీ జరగలేదేంటి?" అన్నాడు.

"చేపని కూజాలో పెడితే ఏం జరుగుద్దండీ" అంది అమ్మ, చారు వడ్డిస్తూ.

నకలు రాసినంత మాత్రాన నాన్నకి చాల్లేదు. నాయనమ్మకీ, ఆ పందిరి కింది వాళ్ళకీ తన కూతురు తప్పు కథ చెప్పింది, దాన్ని సరిదిద్దడం తన బాధ్యత అనుకున్నాడు. ఆ శనివారం నన్ను వెంటబెట్టుకుని బాపట్ల బయల్దేరాడు.

మధ్యాహ్నం పందిరి కింద ఎప్పటిలా చాపలున్నాయి. నాన్న తెల్ల బట్టలతో గడప మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. పాఠం చెప్పే గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. చేప కూజాలో కన్నీరు కార్చింది. తన తండ్రి రాజ్యాన్ని తలచుకుంది.

"ఆగరా" అంది నాయనమ్మ. "తప్పు చదువుతున్నావు."

నాన్న నిర్ఘాంతపోయాడు. ఎండు రొయ్యలు అమ్మి తనని పంతుల్ని చేసిన తల్లి, చదువు రాని తల్లి, పదిమందిలో ఆయన చదువుకి తప్పు పట్టింది. "అమ్మా, ఇది అచ్చులో ఉన్నది. అక్షరం పొల్లుపోకుండా రాశాను."

"అచ్చులో ఉంటే? రాసినాయన సముద్రం చూడలేదు. ఆ పిల్ల కూజాలో కూర్చోలేదురా, ఆటులో సముద్రానికి పోయింది."

"గసగసాలు పెట్టిందిగా వంటమనిషి" అంది చివర కూర్చున్నామె.

"తాబేలుని అడిగింది" అంది పెద్దమ్మ.

ఇక ఆయన్ని చదవనివ్వలేదు. ఒకరు వదిలిన చోట ఒకరు అందుకుని, చేతులు రొయ్యల్లో ఆడిస్తూనే, ముప్పై ఎనిమిదో వారం మొత్తం ఆయనకి అప్పజెప్పారు. నేను రాసిన మాటలు కొన్ని ఉన్నాయి, నేను రాయనివి ఇంకా ఎక్కువున్నాయి. తాబేలుకి ఒక కన్ను లేదట. నాకే తెలియదు. నాన్న కాగితాలు ఒళ్ళో పెట్టుకుని వింటున్నాడు. ఆయన తెల్ల పంచె మీద పొట్టు ఎగిరి పడుతున్నా దులుపుకోలేదు.

అంతా అయ్యాక ఆయన ఒక్కటే అడిగాడు. "సముద్రం దాకా పోయింది కదా. మళ్ళీ కూజాలోకి ఎందుకొచ్చింది?"

అందరూ నా వైపు చూశారు.

"రాకుమారుడు అక్కడికే వస్తాడు నాన్నా. ఆమె లేకపోతే దారి తెలియక తిరుగుతూ ఉంటాడు. అందుకని జాలిపడి వచ్చింది. తనంతట తనే ఎగిరి కూజాలో పడింది" అన్నాను.

ఆడవాళ్ళు నవ్వారు. నాన్న నవ్వలేదు. నన్ను మెచ్చుకోనూ లేదు, ఇలాంటి జ్ఞాపకాల్లో చివర తండ్రి కళ్ళు చెమ్మగిల్లాలని తెలుసు గానీ, మా నాన్న కళ్ళు చెమ్మగిల్లలేదు. రేపల్లె వచ్చాక హెడ్మాస్టరమ్మ దగ్గర్నుంచి బైండు తెచ్చి, బ్లేడుతో నా పేజీలు కోసి, తన నకలు అతికించి, ఆమెకి తిరిగి ఇచ్చేశాడు. కోసిన పేజీలు నా చేతిలో పెట్టి, "నీవి నువ్వే దాచుకో" అన్నాడు. మర్నాటి సాయంత్రం నా ముందు తెల్ల కాగితం పెట్టలేదు. నేను కబడ్డీకి పోయాను.

ఆ పేజీలు ఏ ఇల్లు మారినప్పుడో పోయాయి. పందిరి ఉన్న చోట ఇప్పుడు సముద్రం చూడటానికి వచ్చేవాళ్ళ కార్లు ఆపుతున్నారు. ఆ చాపల మీది ఆడవాళ్ళలో ఒక్కరూ లేరు. సీరియల్ విప్పి దాచే ఇళ్ళూ లేవు, బైండింగు కొట్టు ఉన్న సందులో సెల్‌ఫోన్ల షాపులు. నాకు దుఃఖంగానే ఉంటుంది, లేదని ఎందుకనాలి. కానీ వాళ్ళు నాకు వదిలి వెళ్ళింది వంటలూ వాసనలూ కాదు. ఆ ఆడవాళ్ళు నాకు మాయలు రాయడం నేర్పారు. నీళ్ళు ఏ నీళ్ళో తెలియకుండా మాయ రాయకూడదని నేర్పారు.

ఇది రాసి మా అమ్మాయికి చదివి వినిపించాను. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని, "వాళ్ళకి పంపించనా అమ్మా?" అంది.

"పంపు. కింద ఇంకో రెండు మాటలు రాయి. జవాబు ఆలస్యమైనందుకు క్షమించమను. నవల రాసినందుకు అడగనని చెప్పు. అందులోంచి ఒక్క మంత్రం కూడా తీసేది లేదని చెప్పు."

అమ్మాయి నవ్వుకుంటూ టైపు చేసింది. నేను బల్ల చివర చోటు చేసుకుని, కాగితానికి నాలుగు వైపులా పెన్సిలుతో గీతలు గీశాను. పదిహేడో అధ్యాయం సగంలో ఆగి ఉంది. పోటు వస్తోంది, నీళ్ళు మెట్ల దాకా ఎక్కాయి. మాంత్రికుడు చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. వాడికి ఈత రాదు.